కడిగిన కాళ్ళే కడిగే గురువారం

మా గుడిలో ఏడాదికొకసారి ఫాదర్ గారు పన్నెండు మంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు. ఏసు ప్రభువు తాను చనిపోయే ముందు రోజు శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి, దానికి గుర్తుగా పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఈ పని జరుగుతుంది. చూడటానికి మహా ముచ్చటగా ఉంటుంది. తెల్లటి అంగీ వేసుకున్న ఫాదర్ గారు మోకాళ్ళ మీద వంగి, చెంబుతో నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్ది, ఆ పాదానికి ముద్దు పెడతారు. వెనక పాట. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. నేనూ చిన్నప్పుడు ఒత్తుకున్నదాన్నే. కాస్త బుద్ధి వచ్చాక ఏడుపు పోయి ఒళ్ళు మండటం మొదలైంది. ఎందుకంటే ఆ కాళ్ళన్నీ అప్పటికే ఒకసారి మా అమ్మ కడిగేసి ఉండేది.

నమ్మరా? ఆ రోజు మధ్యాహ్నం గుడి వెనక బోరింగు పంపు దగ్గరికి వెళ్తే ఎవరికైనా కనపడేది. ఒక ఎత్తు పీట, దాని మీద కూర్చున్న మగమనిషి, కింద బండ మీద మా అమ్మ. సబ్బు, కొబ్బరి పీచు, మడమలు గీకడానికి ఇటుక ముక్క. మాది పినపాక దాటాక గోదావరి వైపు ఊరు. ఈస్టర్ వచ్చే రోజులంటే మాకు మిరప కల్లాల రోజులు. కల్లంలో పొద్దంతా తిరిగిన కాలు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. పగుళ్ళ నిండా ఎర్రటి కారం కూరుకుని ఉంటుంది. దాన్ని గోటితో తీసి, ఇటుకతో గీకి, సబ్బు మీద సబ్బు పెట్టి, తుడిచి, "చెప్పులేసుకొనే పోండ్రి, మట్టిల పెట్టకుండ్రి" అని పంపించేది. ఆ తర్వాత మంట తగ్గేదాకా చేతులు మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. ముద్దు పెట్టించుకున్న కాళ్ళు మాత్రం హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయేవి.

ఇది ఏ గ్రంథంలోనూ లేదు. నేను పుట్టకముందు ఒక ఫాదర్ గారు ఉండేవారట. ఆయన కాళ్ళు కడుగుతుంటే కారం అంటుకుని చేతులు మండి, ముక్కుకు ఘాటెక్కి, పూజ మధ్యలో తుమ్ములు మొదలయ్యాయట. తర్వాత మా నాయనను పిలిచి, "వచ్చే ఏడాదికి కొంచెం శుభ్రంగా వచ్చేలా చూడు" అన్నారట. అంతే. ఆ ఫాదర్ గారు బదిలీ మీద వెళ్ళిపోయారు, తర్వాత ఎందరో వచ్చారు, పోయారు. ఆ 'కొంచెం శుభ్రంగా' మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. తన ముందు పెట్టిన పాదం తళతళలాడుతుంటే, మా ఊరి రైతులు అలాగే పుడతారనుకున్నారో ఏమో, వచ్చిన ఫాదర్లలో ఒక్కరూ అడగలేదు. సంగతి తెలిసినవాళ్ళు ఇంకా ఘనులు. బంగళా కిటికీలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయేవారు.

మా నాయన ఆ గుడికి ఉపదేశి. అంటే ఫాదర్ గారు వచ్చేచోటికి ముందుగా పోయేవాడు, ఫాదర్ గారు రానిచోటికి ఒక్కడే పోయేవాడు. గంట కొట్టడం, పిల్లలకు జపాలు నేర్పడం సరే. వానాకాలం వాగులు పొంగి ఫాదర్ గారి బండి కదలకపోతే, అడవిలోని కోయ గుంపులకు, అంటే వాళ్ళ గూడేలకు, నడిచిపోయి, చనిపోయినవాళ్ళ దగ్గర వాళ్ళ భాషలోనే ప్రార్థన చెప్పి, మట్టి చేసి వచ్చేవాడు. అమ్మ గుడి ఊడ్చేది, బలిపీఠం మీది గుడ్డలు ఉతికి గంజి పెట్టేది. వంటమనిషి రాని రోజు ఫాదర్ గారికి వండిపెట్టేది, ఉప్పు తక్కువైందని ఆయన అంటే రెండు రోజులు చిన్నబుచ్చుకునేది. ఇద్దరూ నోట్లో నాలుక లేని మనుషులు. అలాంటి జంట దొరకడం ఏ గుడికైనా అదృష్టం. ఆ అదృష్టాన్ని మావాళ్ళు బాగా అరగదీసి వాడుకున్నారు. గుడి కొత్తగా కట్టినప్పుడు గోడకు నల్లరాయి వేసి పేర్లు చెక్కించారు. ఫ్యానిచ్చినవాడి పేరుంది, మైకిచ్చినవాడి పేరుంది. ఆ రాయిని ప్రతి శనివారం తడిగుడ్డతో తుడిచేది మా అమ్మ.

ఇక ఆ పన్నెండు కుర్చీల సంగతి. శిష్యులంటే చేపలు పట్టుకుని బతికేవాళ్ళు, రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళు అని మా నాయన మాకు నేర్పాడు. మా గుడిలో శిష్యులు ఎకరాలున్నవాళ్ళు. మా గుడి కమిటీ పెద్దాయనది తాతల కాలంలో కోస్తా నుంచి మిరప నారుతో వచ్చిన కుటుంబం. మా మతమే. ఒకే దేవుడు, ఒకే ప్రసాదం. సమాధుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మధ్యలో గోడ ఉంటుంది, వాళ్ళు ఇటు, మా వాడవాళ్ళం అటు. ముందు వరస కుర్చీలన్నీ వాళ్ళ ఇళ్ళవి. తండ్రి పోతే కొడుకు కూర్చుంటాడు, కొడుకు ఊళ్ళో లేకపోతే అల్లుడు కూర్చుంటాడు. తహసీల్దారు పట్టా ఒక్కటే తక్కువ. మా ఇంట్లో మంచినీళ్ళు తాగని ఆ పెద్దమనుషులు, మా అమ్మ చేత కాళ్ళు మాత్రం నిక్షేపంగా కడిగించుకున్నారు. మా వాడకు చివర రెండో మూడో కుర్చీలు మిగిలేవి. వాటిలోనూ మా నాయన ఎన్నడూ కూర్చోలేదు. పళ్ళెం, తువ్వాలు పట్టుకుని ఫాదర్ గారి వెంట నడవాలి గదా, ఇక కూర్చునేదెప్పుడు?

నేను కొత్తగూడెంలో సర్కారు దవాఖానాలో నర్సును. నేనూ కాళ్ళు కడుగుతాను, పుండ్లు కడుగుతాను. జీతం తీసుకుని కడుగుతాను, డ్యూటీ అయ్యాక ఇంటికి పోతాను. అందుకని నాకు భక్తి తక్కువని మా ఊళ్ళో పేరు. కొన్నేళ్ళ కిందట, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఏదో గుంపుకు పోయి వస్తుంటే నాయన ఎడమ కాలికి ముల్లు దిగింది. షుగర్ మనిషి, ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరికి తెచ్చేసరికి వేలు నల్లబడింది. రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. మత్తు దిగాక ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "గుడి గంట ఎవలు కొడుతుండ్రో బిడ్డా?" నాకు ఏడుపు రాలేదు. ఎవరిదో ఒకరి చెంప పగలగొట్టాలనిపించింది, ఎవరిదో తెలియక ఊరుకున్నాను.

మరుసటి ఏడు మా గుడికి కొత్త ఫాదర్ గారు వచ్చారు. కుర్రాయన, కోస్తా వైపు నుంచి. మంచివాడే. మంచివాళ్ళతోనే అసలు చిక్కు. కుర్చీలవాళ్ళలో ఒకాయన ఆ ఏడు కాలం చేయడంతో ఒక చోటు ఖాళీ అయింది. ఫాదర్ గారు ఆదివారం పూజ చివర అందరి ముందూ అన్నారు: "ఉపదేశి గారూ, ఈసారి మీరు కూర్చోవాలండి. ఇన్నేళ్ళ సేవకు అంతకంటే మేం ఏం చేయగలం?" మా నాయన గంగిరెద్దులా తలూపాడు. అమ్మ గుడి మెట్లు దిగకముందే నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, గురువారం మీ నాయిన కుర్చీల కూసుంటుండు. ఫాదర్ మీ నాయిన కాళ్ళు కడుగుతరంట. నువ్వు సెలవు పెట్టి రావాలె" అంది.

నా పెళ్ళప్పుడు కూడా ఆ గొంతు అలా వినలేదు. మా అమ్మ ఎన్నడూ చీర అడగలేదు, బంగారం అడగలేదు, అక్కడికి తీసుకుపో ఇక్కడికి తీసుకుపో అని అడగలేదు. ఆ మనిషి జన్మలో కావాలనుకున్నది నాకు తెలిసి ఇదొక్కటే. తన చేత అందరి కాళ్ళూ కడిగించిన ఫాదర్లలో ఎవరో ఒకరు, అందరూ చూస్తుండగా, తన మొగుడి కాళ్ళు కడగాలి.

కమిటీ పెద్దాయన ఊరుకుంటాడా? ఆ ఖాళీలో అల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. పైకి ఆ మాట అనలేడు. అందుకని మా నాయన కాలి మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. "ఫాదర్ గారూ, పూజ యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుందండి. బిషప్ గారి బంగళాలో కూడా చూస్తారు. వేళ్ళు లేని కాలు చూపిస్తే ఏం బాగుంటుంది చెప్పండి? పాపం, ఆయనకే చిన్నతనం" అన్నాడట. ఫాదర్ గారు తల గోక్కున్నారు. చివరికి పెద్దలందరూ కూర్చుని ఒక మహత్తరమైన పరిష్కారం కనిపెట్టారు. కడిగేది ఎలాగూ కుడి కాలు ఒక్కటే కాబట్టి, ఎడమ కాలికి సాక్సు తొడుక్కోవాలి. కూర్చునేది చివరి కుర్చీలో.

అమ్మ ఫోన్‌లో ఈ ముచ్చట చెప్పినప్పుడు నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. "సాక్సేందమ్మా, సిగ్గులేకుంట! నేనొచ్చి ఆ ఫాదర్ను అడుగుత" అన్నాను.

"ఊకో బిడ్డా. తొడగమంటె తొడుగుతడు. కూసుంటుండు గద" అంది అమ్మ. మణుగూరు పోయి, ఏటా గుడికి తువ్వాళ్ళు కొనే సాయిబు గారి దుకాణంలోనే తెల్ల సాక్సులూ కొత్త పంచే తెచ్చింది.

గురువారం మధ్యాహ్నం బోరింగు దగ్గర అందరి కాళ్ళూ అయ్యాక నాయన వంతు వచ్చింది. "ఏ, నేను కడుక్కుంటనే" అని కాలు వెనక్కు లాక్కున్నాడు. "ఊరోళ్ళయి గడిగిన, నీదెందుకు గడగొద్దు? కదలకు" అని అమ్మ మోకాలు పట్టుకుంది. కమిటీ పెద్దాయన తమ్ముడు, అప్పుడే కడిగించుకున్న కాళ్ళు ఎండలో ఆరబెట్టుకుంటూ, "ఏం ఉపదేశీ, ఇవాళ పెళ్ళికొడుకువయ్యావే" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది, అదే నాకు నచ్చలేదు. ఆ కాళ్ళను అందరివాటికంటే ఎక్కువసేపు కడిగింది. వేళ్ళు తీసిన చోటు మానిపోయి నున్నగా ఉంది. అక్కడ మెల్లగా తుడిచి, తానే సాక్సు తొడిగింది.

సాయంత్రం గుడి నిండిపోయింది. లైట్లు, పూలు, స్టాండు మీద కెమెరా. మా నాయన చివరి కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. పాట మొదలైంది. ఫాదర్ గారు చెంబు పట్టుకుని మొదటి కుర్చీ దగ్గర వంగారు. నీళ్ళు పోయాలంటే కింద పళ్ళెం ఉండాలి గదా? లేదు. తుడవాలంటే తువ్వాలు? అదీ లేదు. కెమెరా ఏ పక్కన పెట్టాలని కమిటీ వాదులాడుకుంది గానీ, పళ్ళెం ఎవరు పట్టుకోవాలో ఒక్క బుర్రకూ తట్టలేదు. ఎలా తడుతుంది? వాళ్ళకు అది ఏటా దానంతటదే వచ్చే పళ్ళెం. ఫాదర్ గారు చెంబుతో అలాగే వంగి అటూ ఇటూ చూశారు.

మా నాయన లేచాడు.

నేను వెనక నుంచి "నాయినా!" అన్నాను. పాటలో కలిసిపోయింది. ఒక కాలికి సాక్సు, ఒక కాలు ఉత్తది. కుంటుకుంటూ పోయి, పక్క బల్ల మీది పళ్ళెం తీసి, తువ్వాలు భుజాన వేసుకుని, ఫాదర్ గారి పక్కన వంగాడు. అప్పుడు చూడాలి ఆ మొహంలో నిమ్మళం! అప్పటిదాకా ఎవరో కట్టేసి కూర్చోబెట్టిన మనిషి. ఒక్కో కాలూ అవుతూ వరసంతా జరిగారు. చివరికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఫాదర్ గారు కుర్చీ వైపు చూశారు, నాయన వైపు చూశారు. పాట ఆఖరి చరణంలో ఉంది. నాయన తువ్వాలు అందించాడు. ఫాదర్ గారు చేతులు తుడుచుకుని బలిపీఠం మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను అమ్మ వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక నాయన విడిచిన కొత్త పంచె మడతపెడుతూ అమ్మ మొదలుపెట్టింది. మా అమ్మ అరవగా వినడం నాకు అదే మొదలు.

"మనిషివేనా నువ్వు? కూసోమంటె కూసోనీకి రాదా?"

"ఫాదర్ తువ్వాలకు సూస్తుండె. నేనెట్ల కూసుంటనే?" అన్నాడు నాయన.

"సూడనియ్యి! తడి చేతుల్తోని నిలవడనియ్యి! వాళ్ళకు లేని సిగ్గు నీకేంది?"

"నా కాళ్ళు మధ్యానమే నువ్వు గడిగినవ్ గద. మళ్ళెందుకే?" అన్నాడు. ఆయన మనసులో నిజంగా అదే ఉంది.

అమ్మ చేతిలో పంచె ఆగిపోయింది. "నేను రోజు కడుగుత. నేను గడిగింది ఎవలు సూసిండ్రయ్యా?" అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆహా, ఎంత వినయం, అని మీకనిపిస్తోందా? మర్నాడు ఫాదర్ గారికీ అనిపించింది. శుక్రవారం ప్రసంగంలో, సేవకుడంటే ఇలా ఉండాలి, కుర్చీ ఇచ్చినా సేవే కోరుకున్నాడు, అని మా నాయనను తెగ పొగిడారు. జనం తలలు ఊపారు. ఛీ! కడగాల్సిన కాలు కడగకుండా తప్పించుకుని, దానికి ఎదుటివాడి వినయం అని పేరు పెట్టడం ఎంత సులువు! మా నాయన మీద కూడా నాకు తక్కువ కోపం రాలేదు. కాడి దించినా మెడ వంచుకునే నిలబడే ఎద్దును మా ఊళ్ళో రోజూ చూస్తాం, దాన్ని ఎవరూ వినయమనరు. ఆ మెడను అలా చేసినవాళ్ళే వచ్చి మెచ్చుకుంటుంటే ఆయన మురిసిపోయాడు. అమ్మ మాత్రం ఆ ప్రసంగం అయ్యేదాకా నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ఆ ఏడాదంతా అమ్మ గుడి పని మానలేదు. ఊడ్చింది, ఉతికింది, గంజి పెట్టింది. మానేయమని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. మళ్ళీ పవిత్ర గురువారం వచ్చింది, నేనూ సెలవు పెట్టి ఊరికి వచ్చాను. చివరి కుర్చీ ఈసారి కూడా ఉపదేశి గారికే అని ఫాదర్ గారు కొంచెం మొహమాటంగా ప్రకటించారు. సాక్సు షరతు షరతే. మధ్యాహ్నం బోరింగు దగ్గర మిగతా శిష్యులందరూ వచ్చి చెప్పులు విడిచి నిలబడ్డారు. పీట లేదు, సబ్బు లేదు, అమ్మ లేదు. అమ్మ మా అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కాసేపటికి కమిటీ పెద్దాయన తమ్ముడు వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా తడిక దగ్గరే ఆగాడు.

"ఏమ్మా, మర్చిపోయావా? అందరం అక్కడ ఎదురుచూస్తున్నాం. కాళ్ళు కడగాలి గదా!"

అమ్మ తలెత్తలేదు. "సాయంత్రం ఫాదర్ గడుగుతరు గదయ్యా. మళ్ళ నేనెందుకు?"

ఆయన వచ్చిన దారినే వెనక్కి పోయాడు. నేను లోపలికి పోయి కడుపు పట్టుకుని నవ్వాను. నీళ్ళున్నాయి, పంపు ఉంది, వాళ్ళకు చేతులూ ఉన్నాయి. ఎవరి కాళ్ళు వాళ్ళు కడుక్కోవచ్చన్న ఆలోచన ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికైనా వస్తే ఒట్టు. అమ్మ మనసు మార్చుకుంటుందని కూర్చుని కూర్చుని, గంట మోగేసరికి కల్లం కాళ్ళతోనే గుళ్ళోకి పోయారు.

అమ్మ అంతకుముందే చేతులు కడుక్కుని ఫాదర్ గారి బంగళాకు పోయింది. నేను వెంటే ఉన్నాను.

"ఫాదర్, ఇయ్యాల పళ్ళెం, తువ్వాల నేను పట్టుకుంట."

"మీరా అమ్మా? అంటే, కమిటీ వాళ్ళు ఎవరినైనా అనుకున్నారేమో..."

"అనుకోలె. పోయినేడు గూడ అనుకోలె. వేరేటోళ్ళు పట్టుకుంటె, సరిగ పట్టలేరని మా ఇంటాయన మళ్ళ లేస్తడు. నేనుంటె లేవడు."

ఫాదర్ గారు కాదనలేదు. కాదనడానికి ఆయనకూ మొహం ఉండాలి గదా.

పాట మొదలైంది. మొదటి కుర్చీ కమిటీ పెద్దాయనది. అమ్మ పళ్ళెం పెట్టింది. ఫాదర్ గారు నీళ్ళు పోసి, తుడిచి, ఎప్పటిలాగే ఒంగి ముద్దు పెట్టారు. పైకి లేస్తూ పెదవులు తడుపుకున్నారు. ఆ తడుపుకోవడంతో ఆయనకు విషయం తెలిసింది. రెండో కుర్చీ దగ్గర ముద్దు గాలిలోనే ఆగిపోయింది. వరస సగానికి వచ్చేసరికి తెల్ల తువ్వాలు ఎర్రమట్టి రంగుకు తిరిగింది, పళ్ళెంలో నీళ్ళు చిక్కబడ్డాయి. ఫాదర్ గారి వేళ్ళు ఎర్రబడ్డాయి. చెమట తుడుచుకోబోయి ఆ చేతినే కళ్ళకు రాసుకున్నారు. ఇక చూడండి, ధారాపాతం. లైవ్ చూస్తున్న జనం కింద రాసిన మాటలు తర్వాత చదివాను: 'ఫాదర్ గారి కన్నీళ్ళు చూసి మా హృదయం కరిగిపోయింది.' మిరప కల్లం నుంచి నేరుగా వచ్చిన భక్తి అది, కరగక చస్తుందా!

చివరి కుర్చీకి వచ్చేసరికి పళ్ళెంలో ఉన్నవి నీళ్ళు కావు, పులుసు. ఫాదర్ గారు చెంబు ఎత్తారు.

"ఆగుండ్రి ఫాదర్" అంది అమ్మ. గొంతు పెద్దది చేయలేదు, మైకు పక్కనే ఉండటంతో గుడంతా వినపడింది. పళ్ళెం తీసుకుని పక్క తలుపులోంచి బయటికి పోయింది. పాట అయిపోయింది. ఏం చేయాలో తోచక పాడేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. బయట బోరింగు కొడుతున్న చప్పుడు. ఫాదర్ గారు మోకాళ్ళ మీదే ఉన్నారు, కళ్ళు కారుతూనే ఉన్నాయి. గుడి గుడంతా మా అమ్మ కోసం ఆగింది.

ఆమె కడిగిన పళ్ళెంతో, తేటనీళ్ళ బిందెతో, భుజాన ఉతికిన తువ్వాలుతో వచ్చింది. "ముందు మీ చేతులు" అని ఫాదర్ గారి చేతుల మీద నీళ్ళు పోసి కారం వదలగొట్టింది. తర్వాత వంగి నాయన ఎడమ కాలి సాక్సు లాగేసింది. మొదటి కుర్చీలోంచి కమిటీ పెద్దాయన "అమ్మా, కుడి కాలు, కుడి కాలు" అంటున్నాడు. అమ్మ వినిపించుకోలేదు. రెండు వేళ్ళు లేని ఆ పాదాన్ని ఎత్తి పళ్ళెంలో ఉంచింది. నాయన చెయ్యి దానంతటదే తువ్వాలు కోసం లేచింది. ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"కూసో" అంది. నాయన కూర్చున్నాడు.

ఫాదర్ గారు నీళ్ళు పోశారు. అందరికీ పోసినట్టే పైపైన పోసి, తువ్వాలు కోసం చెయ్యి చాపారు. అమ్మ ఇవ్వలేదు.

"మడిమె ఎనక గూడ, ఫాదర్" అంది.

ఫాదర్ గారు తలెత్తి చూశారు. తర్వాత చెంబు పక్కన పెట్టి, రెండు చేతులతో ఆ కాలు పట్టుకుని, మడమ వెనక రుద్దారు. ఆయన రుద్దుతున్నంతసేపూ అమ్మ తువ్వాలు భుజం మీదే ఉంచుకుని, దగ్గరుండి చూసింది.